ఖాళీ కూడా బొమ్మే!

పెళ్లి పందిట్లో గ్రూప్ ఫొటో తీస్తున్నప్పుడు ఫొటోగ్రాఫర్ చెవిన పడే మొదటి ప్రశ్న... ‘అందరూ పడ్డారా?’ రెండోది... ‘కాళ్లు తెగలేదు కదా?’ ముప్ఫయ్యారు ఫొటోల రీలు కొని, కడిగించి, ప్రింట్లు వేయించుకునే రోజుల్లో ఆ ప్రశ్నలకు అర్థముంది. ప్రతి క్లిక్కూ డబ్బే. ఒక్క ఫొటోలో ఎంతమంది పడితే అంత గిట్టుబాటు. పక్కన కాస్త జాగా మిగిలిందంటే ‘అయ్యో, చిన్నాయనను కూడా పిలవాల్సింది’ అని నొచ్చుకునేవారు.

రీలు పోయింది. సెల్‌ఫోన్ వచ్చింది. వంద ఫొటోలు తీసినా అదనంగా పైసా ఖర్చు లేదు. అలవాటు మాత్రం పోలేదు. గుడికి వెళితే గోపురం, ధ్వజస్తంభం, కొబ్బరికాయల కొట్టు, పార్క్ చేసిన కార్లు, మధ్యలో పిల్లాడు... అన్నీ ఒకే ఫొటోలో పడాలి. ఇంటికొచ్చి చూసుకుంటే అన్నీ ఉంటాయి. పిల్లాడే వెతికితే తప్ప కనిపించడు!

కెమెరా పట్టినవాళ్లు ఎంత తొందరగా నేర్చుకుంటే అంత మేలు చేసే పాఠం ఇక్కడే ఉంది. ఫొటోలో ఏం పెట్టాలన్నది సగం విద్యే. ఏం పెట్టకుండా వదిలేయాలన్నది మిగతా సగం. అసలు బొమ్మ చుట్టూ అలా వదిలేసిన జాగానే ‘నెగెటివ్ స్పేస్’ అంటారు. పాత రీళ్ల నెగెటివ్‌కీ దీనికీ సంబంధం లేదు. పేరులో నెగెటివ్ ఉంది కదాని చెడ్డదనీ కాదు. మనిషో, చెట్టో, పడవో ‘పాజిటివ్’ అయితే, దాని చుట్టూ ఉన్న ఆకాశం, నీళ్లు, గోడ, చీకటి... ఇవన్నీ ‘నెగెటివ్’. అంతే తేడా.

ఈ పాఠం కోసం ఎక్కడో మంచు దేశాలకు పోనక్కర్లేదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి చాలు. 2016 అక్టోబరులో వేర్వేరు జిల్లా కేంద్రాలు అయ్యేదాకా ఈ మూడు పట్టణాలూ ఉమ్మడి వరంగల్ జిల్లాలోవే. ఈ నేలకు కెమెరా కొత్తేమీ కాదు. వరంగల్ బిడ్డ, ప్రసిద్ధ ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ 2022లో కన్నుమూసేదాకా తెలంగాణ పల్లెల్నీ, బతుకమ్మ పండుగల్నీ దశాబ్దాల పాటు ఫొటోల్లో భద్రపరిచారు. నేర్చుకునేవాళ్లకు ఈ మూడు చోట్లా దొరికే గొప్ప వసతి ఒకటుంది. ఒక్కో చోట ఒక్కో రకం ఖాళీ. ఒకచోట ఆకాశం, ఒకచోట ఎరుపు, ఇంకోచోట నీళ్లూ చీకటీ!

ముగ్గు ముందే చెప్పింది

ఖాళీ జాగాకు ఎంత విలువుందో తెలుగు లోగిళ్లకు ఎప్పుడో తెలుసు. పొద్దున్నే వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేస్తారు. ముగ్గు గీత సన్నగానే ఉంటుంది. దాని అందమంతా గీతకూ గీతకూ మధ్య మిగిలిన తడి నేలలో ఉంటుంది. వాకిలి నిండా పిండి కుమ్మరిస్తే అది ముగ్గు కాదు, పిండి ఒలికినట్టు!

జనగామ పక్కనే ఉన్న పెంబర్తిలో ఇత్తడి రేకు పనివాళ్లదీ ఇదే సూత్రం. కాకతీయుల కాలం నుంచీ వస్తోందని చెప్పుకునే కళ అది. రేకు మీద హంస పైకి తేలాలంటే హంసను ఒక్కదాన్నే చెక్కితే సరిపోదు. దాని చుట్టూ ఉన్న రేకును అణచాలి. చుట్టూ ఉన్నది వెనక్కి తగ్గితేనే మధ్యలోది ముందుకొస్తుంది. అక్కడ సుత్తి, ఉలి చేసే పనినే ఫొటోలో కంటితో చేయాలి.

డెన్మార్క్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్గర్ రూబిన్ 1915లో ఓ చిత్రంతో ఈ విషయాన్నే చూపించాడు. ఒకలా చూస్తే మధ్యలో పూలకుండీ కనిపిస్తుంది. ఇంకోలా చూస్తే ఎదురెదురుగా రెండు ముఖాలు. కుండీ కనిపిస్తున్నప్పుడు ముఖాలు నేపథ్యం. ముఖాలు కనిపించగానే కుండీ ఖాళీ జాగా! అంటే... ఏది బొమ్మ, ఏది ఖాళీ అన్నది కాగితం మీద లేదు. చూసేవాళ్ల కంట్లో ఉంది. జపాన్ వాళ్లు వస్తువుల మధ్య ఉండే ఆ ఎడానికి ‘మా’ అని ఓ పేరే పెట్టుకున్నారు. పదహారో శతాబ్దపు చిత్రకారుడు హసెగవా తోహకు గీసిన పైన్ చెట్ల చిత్రంలో కాగితం చాలామేర ఖాళీగానే ఉంటుంది. ఆ ఖాళీయే పొగమంచుగా కనిపిస్తుంది. గీయని దాన్ని కూడా చూపించడమంటే అదే!

జనగామ... చెట్టుకు పైన, చెట్టుకు కింద

హైదరాబాద్ నుంచి వరంగల్ దారిలో జనగామ చుట్టుపక్కల ఎటు చూసినా విశాలమైన మెట్ట నేలలు, బండరాళ్ల గుట్టలు, గట్ల మీద తాటిచెట్లు. నేల చదునుగా ఉండేసరికి ఆకాశం చాలా పెద్దది. నెగెటివ్ స్పేస్ నేర్చుకోవడానికి మొదటి పలక ఇదే.

మోకు, ముస్తాదుతో గీత కార్మికుడు తాడెక్కుతున్నాడు అనుకుందాం. కొత్తవాళ్లు ఏం చేస్తారు? జూమ్ లాగి మనిషిని ఫొటో నిండా నింపుతారు. మనిషి కనిపిస్తాడు. చెట్టు ఎత్తు పోతుంది. దాంతోపాటు అతని పని ఏమిటో కూడా పోతుంది.

జూమ్ వదిలేసి, నాలుగడుగులు వెనక్కి వేసి, గట్టు కింద కూర్చుని కెమెరాను కాస్త పైకెత్తితే కరెంటు తీగలు, పక్క చేను, దూరంగా సెల్ టవర్... అన్నీ ఫొటోలోంచి తప్పుకుంటాయి. చెట్టు, మనిషి, ఆకాశం... మూడే మిగులుతాయి. ఇక అసలు ప్రశ్న. ఖాళీని ఎటు వదలాలి?

మనిషిని ఫొటోలో కిందికి పెట్టి పైన జాగా వదిలితే ‘ఇంకా అంత ఎత్తు ఎక్కాలి’ అంటుంది ఆ ఫొటో. అదే మనిషిని పైకి పెట్టి కింద జాగా వదిలితే ‘ఇక్కడి నుంచి జారితే?’ అంటుంది. చెట్టు అదే, మనిషి అతనే. మారింది ఖాళీ ఉన్న చోటు ఒక్కటే. మొదటిది శ్రమ. రెండోది ప్రమాదం. ఆ రెండోది కల్పన కాదు. తాళ్ల మీంచి పడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు, నడుములు విరిగి మంచానపడ్డవాళ్లు ఎందరో ఉన్నారు కాబట్టే తెలంగాణ ప్రభుత్వం 2024లో ‘కాటమయ్య రక్ష’ పేరుతో భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఒక్క అక్షరం రాయకుండా ఆ కథను చెప్పగలిగేది చెట్టు కింద వదిలిన జాగాయే.

ఇక్కడ కెమెరా ఓ పొరపాటు చేస్తుంది. కనిపించిందల్లా సగటున మధ్యస్థపు బూడిద రంగులో ఉంటుందని దాని లెక్క. ఫొటోలో మూడొంతులు తెల్ల మబ్బే ఉంటే ‘వెలుగు ఎక్కువైంది’ అనుకుని మొత్తం మసకబార్చేస్తుంది. అప్పుడు ఎక్స్‌పోజర్‌ను ప్లస్ వైపు ఒక మెట్టు జరపాలి. సెల్‌ఫోన్ అయితే తెర మీద వేలు పెట్టి, వెలుగు గుర్తును కాస్త పైకి జరిపితే చాలు. సాయంత్రం ఎర్రటి ఆకాశం ముందు చెట్టునూ మనిషినీ నల్లటి నీడల్లా చూపించాలంటే మాత్రం కిందికి జరపాలి.

‘మూడింట ఒక వంతు’ సూత్రం చాలామంది వినే ఉంటారు. ఫొటోను అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి, ఆ గీతల మీద అసలు వస్తువును పెట్టడం. ఇంగ్లండ్ చిత్రకారుడు జాన్ థామస్ స్మిత్ 1797లోనే ఈ పేరుతో దాన్ని పుస్తకంలోకి ఎక్కించాడు. సెల్‌ఫోన్‌లో ‘గ్రిడ్’ ఆన్ చేస్తే ఆ గీతలే కనిపిస్తాయి. మొదట్లో అది మంచి ఊతకర్రే. కానీ తాటిచెట్టు దగ్గర మూడింట ఒక వంతు కూడా ఎక్కువే కావొచ్చు. పదింట ఒక వంతు మనిషి, మిగతాదంతా ఆకాశం అయినా ఫొటో నిలబడుతుంది. ఊతకర్రను ఎప్పుడు పక్కన పెట్టాలో నేర్పేది కూడా ఖాళీయే.

మహబూబాబాద్... నిండుగా ఉన్న ఖాళీ

ఖాళీ అంటే ఏమీ లేని చోటేనా? మానుకోట మిర్చి కల్లాల దగ్గరికి వెళితే ఆ అనుమానం తీరిపోతుంది.

జనవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా మహబూబాబాద్ పల్లెల్లో ఎక్కడ చూసినా కల్లాల నిండా ఎర్రటి మిర్చి. తేమ ఉంటే మార్కెట్లో ధర తెగ్గోస్తారు. అందుకే రోజుల తరబడి ఎండబెడతారు. ఆ ఎరుపు మధ్యలో ముక్కుకు గుడ్డ కట్టుకుని, తాలు కాయలు ఏరుతూ ఓ అమ్మ కూర్చుని ఉంటుంది. అక్కడ ఖాళీ జాగా అంగుళం కూడా లేదు. అయినా ఫొటోకు సంబంధించి ఆ ఎరుపంతా నెగెటివ్ స్పేసే! ఎందుకంటే అది ఒకే రంగు, ఒకే తీరు. కంటిని ఎక్కడా ఆపదు. జారుకుంటూ తీసుకెళ్లి ఆ అమ్మ దగ్గర నిలబెడుతుంది. నెగెటివ్ స్పేస్‌కు కావాల్సింది శూన్యం కాదు, నిశ్శబ్దం. కంటితో వాదులాడకుండా ఉండే ఏదైనా సరే... పచ్చి వరిచేను, మట్టిగోడ, ఇసుక, మిర్చి... ఖాళీగా పనికొస్తుంది.

ఇక్కడ మెలకువలు వేరు. నిలబడి ఎదురుగా తీస్తే వెనకాల ట్రాక్టరు, నీలం టార్పాలిన్, బస్తాలు వచ్చి పడతాయి. అడిగి పక్కనున్న డాబానో, ట్రాలీనో ఎక్కి, పై నుంచి కిందికి చూస్తే అవన్నీ పోయి ఎరుపే మిగులుతుంది. ఎర్ర చీర కట్టినవాళ్లు ఆ ఎరుపులో కలిసిపోతారు. ఆకుపచ్చో, తెలుపో కట్టినవాళ్లు తేలి కనిపిస్తారు. అలాగని చీర మార్చుకోమని అడగకూడదు! అలాంటి క్షణం వచ్చేదాకా కాచుక్కూర్చోవాలి. ఓపిక కూడా ఫొటోగ్రఫీలో భాగమే.

ఎరుపుతో ఇంకో చిక్కుంది. ముదురు ఎరుపును కెమెరా తట్టుకోలేదు. కాయ మీది ముడతలు, నిగనిగ, తొడిమలు అన్నీ పోయి రంగు పూసినట్టు ఒకే ముద్ద అవుతుంది. వరంగల్ చపాటా మిర్చి దగ్గర ఈ బాధ మరీ ఎక్కువ. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ ఉండే ఈ రకానికి 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇలాంటి చోట వెలుగును ఒక మెట్టులో సగమో, ఇంకాస్తో తగ్గించి తీయాలి. ఎర్రటి ఎండలో కాకుండా పొద్దున్నో, పొద్దువాలాకో తీస్తే ప్రతి కాయకూ చిన్న నీడ పడి కాయకు కాయ విడిగా కనిపిస్తుంది. ఖాళీ జాగా అయినా సరే, దగ్గరికెళ్లి చూస్తే అది దేనితో తయారైందో తెలియాలి. తెలియకపోతే అది రంగు కాగితమే.

భూపాలపల్లి... నీళ్లూ, నలుపూ

మూడో పాఠం గోదావరి ఒడ్డున. భూపాలపల్లి జిల్లాలో కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. కనపడకుండా ప్రవహించే సరస్వతితో కలిపి త్రివేణి సంగమమని భక్తుల నమ్మకం. 2025 మే నెలలో సరస్వతీ నది పుష్కరాలకు జనం పోటెత్తింది ఇక్కడికే. నది అవతలి ఒడ్డు మహారాష్ట్ర. చలికాలం తెల్లవారుజామున పొగమంచు దిగితే ఆ ఒడ్డు మాయమవుతుంది. నీళ్లు ఎక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. మధ్యలో ఒకే ఒక్క పడవ. నెగెటివ్ స్పేస్‌కు ఇంతకన్నా తేలికైన పరీక్ష ఉండదు. అయినా చాలామంది ఇక్కడే తప్పుతారు!

కారణం... పడవను సరిగ్గా నడిమధ్యలో పెడతారు. అప్పుడది ఆగిపోయినట్టుంటుంది. పడవ ఎటు వెళ్తోందో అటువైపు జాగా ఎక్కువ వదిలితే ‘ఇంకా పోవాల్సిన దూరం’ కనిపిస్తుంది. దాటొచ్చిన వైపు ఎక్కువ వదిలితే ‘అంత దూరం నుంచి వచ్చాడు’ అనిపిస్తుంది. మనుషుల ఫొటోలకూ ఇదే సూత్రం. చూపు ఎటుంటే అటు జాగా ఇవ్వాలి. చూపుకు ఎదురుగా ఫొటో అంచు గోడలా అడ్డొస్తే చూసేవాళ్లకే ఊపిరాడదు. కావాలనే ఆ ఉక్కిరిబిక్కిరిని చూపించాలనుకుంటే తప్ప!

నీళ్ల మీద అలలు ఎక్కువగా ఉండి కంటికి అడ్డొస్తుంటే, కెమెరాను స్టాండు మీద పెట్టి, షట్టర్‌ను కొన్ని సెకన్లు తెరిచి ఉంచితే అలలన్నీ కలిసిపోయి నీళ్లు పాలలా అవుతాయి. పగటిపూట అయితే లెన్సు ముందు వెలుగును తగ్గించే నల్లటి ఎన్‌డీ ఫిల్టర్ పెట్టాలి. పడవ కదులుతుంటే మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. పడవ కూడా అలల్లోనే కలిసిపోతుంది. అన్నిటికన్నా ముందు, ఫొటో కోసం నీళ్లలోకి దిగడం అసలు పనికిరాదు. గోదావరి లోతు ఏటికేడు కాదు, రోజుకో తీరుగా మారుతుంది.

భూపాలపల్లిలో ఇంకో ఖాళీ కూడా ఉంది. అది నలుపు. సింగరేణి బొగ్గు గనులు, చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం... ఊరి బతుకంతా బొగ్గుతో ముడిపడింది. భూగర్భ గనుల్లో మీథేన్ వాయువు ప్రమాదం ఉంటుంది. మామూలు కెమెరాలు, సెల్‌ఫోన్లు లోపలికి తీసుకెళ్లకూడదు. ఓపెన్‌కాస్ట్ గనుల దగ్గరా అనుమతి లేనిదే ఫొటోలు తీయకూడదు. కానీ ఆ నలుపును చూపించడానికి గనిలోకే పోనక్కర్లేదు. తెల్లారకముందే మొదటి షిఫ్టుకు బయల్దేరిన కార్మికుడు రోడ్డు పక్కన చాయ్ బండి దగ్గర ఆగుతాడు. ఒకే ఒక్క బల్బు. గ్లాసులోంచి ఆవిరి. సగం ముఖం మీద వెలుగు. మిగతాదంతా చీకటి.

ఇక్కడ కెమెరా జనగామలో చేసిన తప్పునే తిరగేసి చేస్తుంది. ‘ఇంత నల్లగా ఉందేమిటి’ అని వెలుగును పెంచేసి, చీకటిని బూడిద రంగులోకి మార్చేస్తుంది. ఈసారి మైనస్ వైపు ఒకటి, రెండు మెట్లు తగ్గించాలి. ఇప్పటి సెల్‌ఫోన్లలో ‘నైట్ మోడ్’ అయితే చీకటిని పగలు చేస్తానంటుంది. దాన్ని ఆపేయాలి. కొద్దిసేపట్లో ఆ మనిషి భూమి లోపలికి వెళ్లబోతున్నాడు. ఫొటోలో చీకటి చీకటిగానే ఉండాలి.

ఆ ఖాళీ ఎవరిది?

ఇంతవరకూ నేర్చింది కంటికి. ఇక మిగిలింది మనసుకు.

మనిషిని చిన్నగా పెట్టి చుట్టూ ఎక్కువ జాగా వదిలితే ఫొటో అందంగా వస్తుంది. ఆ అందంలోనే ఓ ప్రమాదం ఉంది. మనిషి మనిషిగా కాకుండా చుక్కగా మిగిలిపోవచ్చు. ‘ఎర్రటి తివాచీ మీద చిన్న బొమ్మ’లా మిర్చి ఏరే అమ్మను చూడటం కెమెరాకు తేలికే. ఆమెకు మాత్రం అది తివాచీ కాదు. నారు పోసిన దగ్గర్నుంచి చేసిన చాకిరీ, తెచ్చిన అప్పు, మార్కెట్లో రాబోయే ధర. ఫొటోగ్రాఫర్ దేన్ని ‘ఖాళీ’ అంటున్నాడో, అదే ఆమె బతుకు!

2021-22 పంట కాలంలో నల్ల తామర పురుగు తెలంగాణ మిర్చి తోటలను ఊడ్చిపెట్టింది. మహబూబాబాద్ రైతులూ కుదేలయ్యారు. అలాంటి ఏడాది కల్లం దగ్గర నిలబడి, అలవాటు ప్రకారం ఫొటో నిండా ఎరుపు వచ్చేలా దగ్గరికెళ్లి తీస్తే ఆ ఫొటో అబద్ధం చెప్పినట్టే. రెండడుగులు వెనక్కి వేసి తీస్తే చిన్న ఎర్ర మరక, దాని చుట్టూ అలికి పెట్టిన ఖాళీ కల్లం. అంతకుముందు ఖాళీగా ఉన్న ఎరుపు ఇప్పుడు బొమ్మ అయింది. నేల ఖాళీ అయింది. రూబిన్ కుండీ తిరగబడినట్టు! ఆ కల్లంలో వట్టి నేలను వదలడం అందం కోసం కాదు. రాని పంటను చూపించడం కోసం.

అందుకే ఫొటో తీసేముందు ఒక్క మాట అడిగి తెలుసుకోవాలి. ‘ఏమ్మా, ఈసారి కాత ఎట్లుంది?’ ‘అన్నా, ఎన్ని తాళ్లెక్కుతవు రోజుకు?’ ఆ జవాబును బట్టి ఖాళీని ఎటు వదలాలో, ఎంత వదలాలో దానంతటదే తెలుస్తుంది. గ్రిడ్ గీతలు చెప్పలేనిది ఆ రెండు నిమిషాల మాట చెబుతుంది. ఫొటో తీయడానికి అనుమతి అడిగినట్టూ అవుతుంది.

ఖాళీ పని చేస్తోందా, ఊరికే పడి ఉందా తేల్చుకోవడానికి ఓ తేలిక పరీక్ష ఉంది. ఫొటోను తెర మీద పెట్టి, ఖాళీ జాగాను అరచేత్తో మూయాలి. మూసినా ఫొటో చెప్పే మాట మారకపోతే ఆ జాగా దండగ. నిర్మొహమాటంగా కత్తిరించేయొచ్చు. మూయగానే ఏదో పోయినట్టనిపిస్తే... చెట్టు ఎత్తో, నది వెడల్పో, మనిషి ఒంటరితనమో తగ్గిపోతే... ఆ జాగా ఉండాల్సిందే. ఇంకో జాగ్రత్త. మనిషి చిన్నగా ఉన్న ఫొటోను చిన్న ప్రింటు వేయిస్తే మనిషే కనిపించడు. ఇలాంటివి పెద్దగా వేయించుకుంటేనే వాటి విలువ తెలుస్తుంది.

ఓ ఆదివారం... ఒకే వస్తువు

నేర్చుకోవాలంటే ఖరీదైన కెమెరా అక్కర్లేదు. ఓ ఆదివారం పొద్దున వాకిట్లో స్టూలు మీద రాగి చెంబు ఒకటి పెట్టాలి. వెనకాల సున్నం గోడ ఉంటే చాలు. మొదటి ఫొటోలో చెంబును నిండుగా తీయాలి. తర్వాత ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ తొమ్మిది తీయాలి. చెంబును ఓసారి ఎడమ మూలకు, ఓసారి కుడి మూలకు, ఓసారి అడుగుకు జరపాలి. స్విచ్‌బోర్డు, క్యాలెండరు, దండెం మీది తువ్వాలు... ఏది కనిపించినా అది ఫొటోలోకి రాకుండా తప్పుకోవాలి. పది ఫొటోలనూ పక్కపక్కన పెట్టి ఇంట్లోవాళ్లకు చూపిస్తే, చెంబు ఎక్కడ బరువుగా ఉందో, ఎక్కడ ఒంటరిగా ఉందో పిల్లలే చెప్పేస్తారు.

చెంబుతో చేయి తిరిగాక మనుషుల దగ్గరికి రావొచ్చు. మళ్లీ గ్రూప్ ఫొటో దగ్గరికే! పల్లెటూళ్లో పాత ఇల్లు. వీధి అరుగు. ఏళ్ల తరబడి సాయంత్రాలు తాతా నాయనమ్మా ఇద్దరూ కూర్చున్న చోటు. నాయనమ్మ పోయాక కూడా తాత తన వైపే కూర్చుంటాడు. ఆమె వైపుకు జరగడు. సెలవులకొచ్చిన మనవడు ఫోన్ తీసి, ‘తాతా, కాస్త మధ్యలోకి జరుగు’ అనబోతాడు.

అనకపోతేనే మంచి ఫొటో వస్తుంది. తాతను అక్కడే ఉండనిచ్చి, పక్కన మిగిలిన అరుగంతా కలిపి తీస్తే సరి. ఆల్బమ్ చూసిన బయటివాళ్లు ‘ఇంత జాగా ఎందుకు వదిలారు?’ అనొచ్చు. ఇంట్లోవాళ్లు అడగరు. అందరూ పడ్డారని వాళ్లకు తెలుసు.